గొడుగుబట్ట సంచిలో ఒడిబియ్యం

బియ్యం మీద నాకున్నంత కోపం మా జిల్లాలో ఇంకెవరికీ ఉండదు. తినే బియ్యం మీద కాదు, మోసే బియ్యం మీద. భుజాల మీద బరువు తగ్గించుకుందామని ఒక ఆడది నెలల తరబడి కత్తెర, సూది పట్టుకుని కూర్చుంటే, చుట్టాలంతా కలిసి ఆ కష్టాన్ని ఎట్లా గంగలో కలిపారో చెబుతాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో నేను కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరును. మగపిల్లల బడుల నుంచి ఏటా క్యాంపులని, స్కౌట్లని అడవులకు పోయి వచ్చేవాళ్లు. వచ్చాక ఊరంతా వినిపించేలా గొప్పలు చెప్పుకునేవాళ్లు. మా పిల్లలకు మాత్రం గ్రౌండు చుట్టూ రౌండ్లు కొట్టడమే. పదో తరగతి కాగానే సగం మందికి పెళ్లిళ్లు. ఆ లోపల ఒక్కసారైనా వాళ్లను వాళ్ల కాళ్ల మీద నడిపించి, గోదావరి దాటించి, ఆదిలాబాద్ అడవుల్లోంచి కుంటాల జలపాతం దాకా తీసుకుపోవాలని నాకు ఉండేది. ఉండేది అంటే చిన్న మాట. అదొక పిచ్చి.

మా హెడ్‌మిస్ట్రెస్ గారు ఒప్పుకుంటే కదా! ఆమెకు భర్త పోయి చాలా ఏళ్లు. లేత రంగు చీర, బోసి నుదురు, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు. ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషి కాబట్టి, తన వల్ల చిన్న పొరపాటు జరిగినా ఊరు నోరు తెరుస్తుందని ఆమెకు భయం. ఆ భయం మా అందరి నెత్తిన రూలై కూర్చునేది. నేను మూడేళ్లు వెంటపడి సతాయిస్తే, విసుగొచ్చి ఒకరోజు ఫైలు మూసి బల్ల మీద పెట్టారు.

"టీచర్, ముందుగాల మీరు నడిచి చూపెట్టుండ్రి. ఇంట్ల పెద్ద ఆడమనిషిని ఒకామెను ఎంట తీస్కపోండి. ఇద్దరూ కుంటాల దాక నడిచే పోవాలె. బస్సు ఎక్కొద్దు, ఎడ్లబండి ఎక్కొద్దు. గట్లైతే పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పుకోగలుగుత. ఒక్క కాడ ఎక్కిండ్రని తెలిసినా, మళ్ల గీ ముచ్చట నా దగ్గరికి తేవద్దు. వచ్చేటప్పుడు బస్సుల రాండ్రి, నాకేం ఫికర్ లేదు."

పంతం పట్టినట్టే ఉంది కదా. నేనూ పట్టాను.

ఇంత దూరం నడవాలంటే బరువే శత్రువని నాకు తెలుసు. ఆ కాలంలో బజారులో దొరికే సంచులంటే మిలిటరీ కాన్వాసు సంచులు. ఖాళీ సంచే భుజాలను కోసేది. అందుకని పాత గొడుగులు పోగుచేయడం మొదలుపెట్టాను. మా వీధిలో ఊచలు విరిగిన గొడుగు ఏ అటక మీద ఉన్నా అది నాదే. గొడుగుబట్ట కాగితంలా తేలిక, వాన పడితే నీళ్లు జారిపోతాయి. ముక్కలు విప్పి, ఉతికి, మిషను మీద జోడించి, భుజాలకు రెండు పట్టీలు పెట్టి వీపు సంచి కుట్టాను. యూరియా సంచి లోపల ఉండే ప్లాస్టిక్ గుడ్డను కత్తిరిస్తే అది కింద పరుచుకోవడానికీ, వానకు కప్పుకోవడానికీ. నూలు చీరలు తడిస్తే మోయలేం, ఆరవు. అందుకని రెండు నైలాను చీరలు. దువ్వెన సగానికి విరగ్గొట్టాను. సబ్బు సగం కోశాను. స్టీలు గ్లాసు తీసేసి సత్తు గ్లాసు పెట్టుకున్నాను. కాళ్లకు డ్రిల్లు క్లాసులో వేసుకునే గుడ్డ బూట్లు.

మూలమీది కిరాణం కొట్టుకు సంచి తీసుకుపోయి తక్కెడలో పెట్టి చూసేదాన్ని. కొట్టాయన రెండుసార్లు ఊరుకుని మూడోసారి అడిగాడు.

"ఏం అమ్ముతున్నవు టీచరమ్మా? రోజురోజుకు తక్కువైతాంది?"

మా ఆయన అంతకంటే ఘనుడు. ఆఫీసు నుంచి వచ్చి, నేను జడకుచ్చులు కూడా తీసి పక్కన పెట్టడం చూసి, "వెంట్రుకలు గూడ తీసేస్తే ఇంకా తేలికైతది గదనే" అన్నాడు. ఆ రోజు ఆయనకు అన్నంలోకి పచ్చిపులుసు తప్ప ఏమీ వడ్డించలేదు నేను.

రాత్రి పడుకోవడానికి దుప్పట్లు, వంటకు గిన్నెలు మోయకుండా ఉండాలంటే ఏం చేయాలి? దారి పొడుగునా నా పుట్టింటివైపు చుట్టాలున్నారు. చొప్పదండిలో చిన్నమ్మ, ధర్మారంలో మేనమామ, గోదావరి అవతల లక్షెట్టిపేటలో పెదబాపు కొడుకు. ఒక్కో పూట ఒక్కొక్కరింట్లో పడుకుంటే పరుపు వాళ్లది, పొయ్యి వాళ్లది. నా తెలివికి నేనే మురిసిపోయాను. బస్సు డ్రైవర్లతో ఊరూరికీ కబురు పంపించాను, నడిచి వస్తున్నామని.

అదీ నేను చేసిన తప్పు. బుద్ధున్న ఆడది ఎవరూ చేయని తప్పు.

ఇంట్లో పెద్ద ఆడమనిషి అంటే మా యారాలు, అంటే మా బావగారి భార్య. నాకంటే చాలా పెద్దది. బావ పోయి అప్పటికి ఆరేడేళ్లు. మా అత్తగారి ఇంట్లో పొయ్యి, పెరడు, పాలు, పిడకలు అన్నీ ఆమె చేతి మీదనే నడిచేవి. పెళ్లిళ్లకు, పేరంటాలకు మాత్రం ఆమెను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. నేను అడగగానే "నడుద్దాం పా, దానికేముంది" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. బయలుదేరే రోజు పొద్దున్నే గడపలో ఆమె సామాను చూసి, వచ్చిన ప్రాణం మళ్లీ పోయింది.

ఒక గొంగడి. ఇత్తడి చెంబు. చింతకాయ తొక్కు జాడీ. కట్టుకునే చీరలు మూట. కొడవలి.

"అక్కా, కొడవలి ఎందుకు?"

"అడవిల పోతున్నం గదనే."

"గొంగడి వద్దక్కా. నా దగ్గర ప్లాస్టిక్ ఉన్నది."

"అది కప్పుకుంటే నువ్వు మనిషి తీర్గ కనపడ్తవా, యూరియా బస్తా తీర్గ కనపడ్తవా?"

కొడవలి, జాడీ తీయించాను. గొంగడి, చెంబు తీయలేదు. దసరా వెళ్లి, మిగిలిన సెలవుల్లో ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ఆ గొంగడిని ఆమె ఒక్కనాడూ కప్పుకోలేదని, ఆ చెంబుతో మొహం కడుక్కోవడం తప్ప ఏ పనీ కాలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను, తరువాత మళ్లీ అడగొద్దు.

మొదటిరోజు హాయిగా నడిచాం. సంచి వీపు మీద ఉందో లేదో తెలియలేదు. పొలాల్లో వరి పొట్టకొచ్చి ఉంది. బస్సులు ఆగి ఆగి పిలిచేవి, ఎక్కమ్మా అని. ఎక్కం అంటే పైసలు లేవేమోనని జాలిపడి "వట్టిగనే ఎక్కుండ్రి" అనేవాళ్లు. వాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నడకకంటే నోరే ఎక్కువ అలిసిపోయింది. సాయంత్రం చొప్పదండిలో చిన్నమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది, వేడివేడి అన్నం పెట్టింది. తెల్లారి బయలుదేరుదామని లేస్తే, నట్టింట్లో పీట వేసి ఉంది. పీట ముందు ముగ్గు. పక్కన గంపలో పసుపు కలిపిన బియ్యం.

నేను సంచి భుజానికెత్తుకుని గుమ్మం వైపు చూశాను.

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డ పుట్టింటికి వస్తే ఒడిబియ్యం పోస్తారు. కొంగు పట్టి కూర్చుంటే, దోసిళ్లతో పసుపు బియ్యం పోసి, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, రైక గుడ్డ పెడతారు. ఆ బియ్యం కాలికింద పడకూడదు, అమ్మకూడదు, దారిలో ఎవరికో ఇచ్చి పోకూడదు. అత్తగారింటికి తీసుకుపోయి వండి, అక్కడి వాళ్లు తినాలి. పుట్టిల్లు బతికి ఉందని, బిడ్డను మరిచిపోలేదని దాని అర్థం. అర్థం మంచిదే. బరువు సంగతే ఎవరూ ఆలోచించలేదు.

"చిన్నమ్మా, ఇప్పుడు వద్దు. మళ్ల వచ్చినప్పుడు పొయ్యి. నడిచి పోవాలె, బరువైతది."

"బరువా? పుట్టింటి బియ్యం బరువంటవా? నోరు మూస్కొని కూసో. బిడ్డ నడుసుకుంట ఇంటిదాక వస్తే వట్టి కొంగుతోని పంపిన్నని మంది నా మొఖాన ఉమ్మెయ్యరా?"

కూర్చున్నాను. పోశారు. సగం దువ్వెన, సగం సబ్బు పెట్టుకున్న సంచిలోకి ఆ బియ్యమంతా దిగింది.

అప్పుడే చూశాను. పీట వేయగానే మా యారాలు చప్పుడు చేయకుండా పెరట్లోకి పోయింది. నా కొంగు నిండి, ముడి పడ్డాక వచ్చింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. పొమ్మనే అవసరం లేకుండా ఆమే పోయింది. నాకు బియ్యం మీది కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అయింది.

ధర్మారంలో మేనమామ. అప్పటికే చిన్నమ్మ ఎంత పోసిందో ఆయనకు కబురు చేరింది. మేనమామ అనేవాడు చిన్నమ్మకంటే తక్కువ పోస్తాడా? పరువు పోదూ? ఇంకో రెండు దోసిళ్లు ఎక్కువే పోయించాడు. కుడుకలైతే సంచిలో పట్టక, ఒక గుడ్డలో మూటకట్టి మెడకు తగిలించినంత పని చేశాడు. "మామా, నీకు దండం పెడ్త" అంటే, దండం పెడుతున్నానని మురిసి దీవించాడు.

ఊరు దాటగానే నా సంచి పట్టీ దగ్గర చిరిగింది. నెలల తరబడి నేను కుట్టిన కుట్టు కుడుకల దెబ్బకు పటపటమని ఊడింది. రోడ్డు పక్కన కల్వర్టు మీద కూలబడి నేను ఏడుపు ముఖం పెడితే, మా యారాలు దగ్గర్లోని వడ్లమిల్లుకు పోయి దబ్బనం, సుతిలి అడుక్కొచ్చి గోనెసంచిని కుట్టినట్టు బరబరా కుట్టేసింది. సగం బియ్యం తన చీరల మూటలో పోసుకుని నెత్తిన పెట్టుకుంది.

"నువ్వెందుకు మోయాలె అక్కా? నాకు పోసిండ్రు, నేను మోస్త."

"నీ భుజాలు చూసుకో ఫస్టు. తోలు లేచింది."

నా భుజాల సంగతి సరే. రాయపట్నం వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆమె కుడి మోకాలు ఉబ్బి ఉంది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, ఒక పక్కకు వంగి నడుస్తోంది. ఆ మోకాలు మొరాయిస్తే బస్సు ఎక్కక తప్పదు. బస్సు ఎక్కితే నా పిల్లల ప్రయాణం అంతటితో సరి. హెడ్‌మిస్ట్రెస్ ఫైలు మళ్లీ తెరవరు. వంతెన మధ్యలో నిలబడి కింద గోదావరిని చూశాను. నిండుగా పోతోంది.

"అక్కా, మూట ఇటియ్యి. గంగల పోస్త. గంగమ్మకు పోస్తే పాపమేం లేదు."

"పొయ్యి. గాని పోసేముందు ఒక మాట విను." ఆమె మూటను వంతెన గోడ మీద దించి, ఆనుకుని నిలబడింది. "మీ బావ పోయిన కాన్నుంచి నాకు పోసేటోళ్లు లేరు. నా తమ్ముండ్లు బతికే ఉన్నరు, నా పుట్టిల్లు బతికే ఉన్నది, అయినా ఎవ్వరు పొయ్యరు. నీకు పోస్తున్నరు. మోసేటందుకు నేనున్న. నీకేం తిప్పలే?"

సంచి ఎత్తుకుని నడిచాను. లక్షెట్టిపేట చేరేదాకా నాలో నేనే తిట్టుకుంటూ పోయాను. ఎవరిని తిడుతున్నానో నాకే తెలియదు. చుట్టాలనా, ఆచారాన్నా, హెడ్‌మిస్ట్రెస్‌నా, ఈమెకు ఒక దోసెడు పోయని తమ్ముళ్లనా, అందరినీ కలిపే తిట్టాను.

లక్షెట్టిపేట అన్న కూడా పోశాడు. వద్దని గొడవపడే ఓపిక కూడా పోయింది నాకు. పీట వేశారు, కూర్చున్నాను. యారాలు పెరట్లోకి పోయింది. అంతే.

తరువాత దండేపల్లి, జన్నారం. చుట్టాలు అయిపోయారు, తెలిసిన టీచర్ల ఇళ్లలో పడుకున్నాం. వాళ్లు బియ్యం పోయలేదు. వాళ్లను మించిన ఆత్మబంధువులు లేరనిపించింది. జన్నారం దాటాక అడవి మొదలైంది. టేకు చెట్లు, ఎర్రమట్టి రోడ్డు. అక్కడక్కడ రోడ్డు పని కోసం కంకర కొడుతున్న ఆడవాళ్లు. యారాలు ఒక కర్ర ఊతం చేసుకుని నడుస్తోంది. పది అడుగులకోసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా చెట్లను చూస్తున్నట్టు నటిస్తోంది.

అట్లా పోతుండగా రోడ్డుకు అడ్డంగా ఫారెస్టు వాళ్ల కట్టెగేటు, పక్కన గుడిసె, గుడిసె ముందు ఒక జవాను. వీపు మీద నల్ల గొడుగుబట్ట సంచి వేసుకున్న ఆడమనిషిని చూడగానే అతను బల్ల మీది నుంచి లేచాడు.

అప్పటి రోజులు ఎట్లాంటివో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అడవిలో తిరిగే అన్నలు వీపు మీద కిట్లతో తిరిగేవాళ్లు. వాళ్లకు బియ్యం ఎవరు మోస్తున్నారా అని పోలీసులు ఊరూరా చూస్తుండేవాళ్లు. తేలిగ్గా ఉంటుందని, వానకు తడవదని నేను కుట్టుకున్న సంచి అచ్చం వాళ్ల కిట్టులానే ఉందని నాకు అప్పటిదాకా తట్టనేలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఏముందమ్మా గా సంచిల?"

"బియ్యం."

"మూటల?"

"అవీ బియ్యమే."

అతని ముఖం మారిపోయింది. విప్పి చూపించమన్నాడు. విప్పాను. పచ్చటి పసుపు బియ్యం, కుడుకలు, పోకలు, మడతపెట్టిన రైక గుడ్డలు. అతను వంగి చూసి, తలెత్తి నన్ను చూసి, మళ్లీ బియ్యం చూశాడు.

"ఒడిబియ్యమా?"

"అవు బాబూ. మూడిళ్లల్ల పోసిండ్రు."

"ఒడిబియ్యం మోస్కుంట అడవిల నడుస్తున్నరా? మీకేమన్న పిచ్చా అమ్మా?"

అదే ప్రశ్న నన్ను నేను ధర్మారం నుంచీ అడుగుకుంటున్నాను. బడి సంగతి, పందెం సంగతి, అంతా చెప్పాను. అతను నమ్మాడు పాపం. తల గోక్కున్నాడు.

"నాకూ చెల్లెండ్లున్నరు, నాకు సమజైంది. గాని గింత బియ్యంతోని మిమ్ముల అడవిలకు నడిపిచ్చి పంపిన్నని పైకి తెలిస్తే నా నౌకరి పోతది. వట్టి చేతుల పోతే పోండ్రి, నేనేం అనను. బియ్యం ఉంటే మాత్రం బస్సు ఎక్కాలె. జరసేపట్ల ఉట్నూరు బస్సొస్తది, నేనే ఆపి ఎక్కిస్త."

"బియ్యం ఇక్కడ పెట్టి పోత. నువ్వే తీస్కో."

"అయ్యో, ఆడబిడ్డ ఒడిబియ్యం నేను తీస్కునుడా? నాకు ఎక్కడన్న పుట్టగతులుంటయా?"

చూశారా? ఎవరూ తీసుకోరు, ఎవరూ పారబోయనివ్వరు, మోయనూ మోయనివ్వరు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఇన్నాళ్ల నడక, చిరిగిన భుజాలు, ఆమె మోకాలు, బడిలో నా కోసం ఎదురుచూస్తున్న పిల్లలు, అన్నీ ఈ పచ్చబియ్యం కింద పడి నలిగిపోతున్నాయి. రోడ్డు మధ్యలోనే కూర్చుని భోరుమని ఏడ్చాను. డ్రిల్లు టీచరునై ఉండి.

మా యారాలు కర్ర పక్కన పెట్టి, గేటు కట్టె మీద కూర్చుని, నా ఏడుపు కొంచెం తగ్గేదాకా చూసింది.

"అయ్యిందా? ఇగ లే. ఒడిబియ్యం యాడ వండాలె?"

"అత్తగారింట్ల."

"ఎవలు వండాలె?"

"ఇంటోళ్లు."

"మీ అత్తగారింటి పెద్దకోడలు ఎవలు?"

నేను ముక్కు తుడుచుకుని ఆమె వంక చూశాను.

"నేనే గద! ఇరవై ఏండ్ల సంది గా ఇంట్ల పొయ్యి ముట్టిచ్చేది నేనే. నేను మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిచ్చిన కాడ అది మీ అత్తగారిల్లే. గిప్పుడు గీడ ముట్టిస్త. ఎవడు కాదంటడో రమ్మను."

జవాను నోరు తెరిచి చూస్తున్నాడు. ఆమె అతనివైపు తిరిగి, "ఓ తమ్మీ, కట్టెలేరి పట్కరా. గట్ల నిలబడ్తవేంది?" అంది. అతను నిజంగానే పోయి కట్టెలు తెచ్చాడు.

కంకర కొట్టే ఆడవాళ్ల దగ్గరికి కుంటుకుంటూ పోయి అన్నం వండుకునే పెద్ద బొగాణె ఒకటి అడిగి తెచ్చింది. వాళ్లు ఏమిటీ వింత అని సుత్తెలు పక్కన పెట్టి వెనకే వచ్చారు. గోండు పల్లెల వాళ్లు కొందరు, మరాఠీ కలిపి మాట్లాడేవాళ్లు కొందరు. రోడ్డు పక్కన రాళ్లు, రాళ్ల మీద బొగాణె, బొగాణె నిండా మూడిళ్ల బియ్యం. బియ్యం సగం ఉడుకుతుండగా బస్సు వచ్చింది. కరీంనగర్ కండక్టరు తలుపు దగ్గర వేలాడుతూ అరిచాడు.

"ఎక్కేది ఉన్నదా లేదా?"

"అన్నం ఉడుకుతాంది కనవడ్తలేదా? పో!" అంది మా యారాలు, గరిటె ఊపుతూ.

బస్సు పోయింది. నా జన్మలో ఒక బస్సు పోయినందుకు అంత సంతోషపడింది అప్పుడే.

కొంచెం అడుగంటింది. ఉప్పు చాలలేదు. ఆ ఆడవాళ్లు తమ మూటల్లోంచి ఎర్రకారం, ఉల్లిగడ్డలు తీశారు. టేకు ఆకుల్లో వడ్డించింది యారాలు. జవాను గుడిసె వెనక్కి పోయి సిగ్గుపడుతూ తిన్నాడు. కుడుకలు పగలగొట్టి పంచింది. రైక గుడ్డలు ఒక్కొక్కరికి ఒకటి ఇచ్చింది. నీకు మొగుడున్నాడా, లేడా అని ఎవరినీ అడగలేదు. ముందు ఎవరు కూర్చుంటే వాళ్లకు.

అందరూ తిన్నాక తనకూ ఒక ఆకు వేసుకుంది. మా అత్తగారింట్లో ఎవరి ఒడిబియ్యం వండినా, బావ పోయినప్పటి నుంచి ఆమె ఆ అన్నం ముట్టేది కాదు. నిన్నటి అన్నమో, రొట్టెముక్కో తిని ఊరుకునేది. ఆ రోజు రెండుసార్లు వడ్డించుకుంది. నేను చూస్తున్నానని తెలిసి, "ఏంది చూస్తున్నవు? తిని లే, పొద్దు వోతాంది" అని కసిరింది.

ఖాళీ సంచి వీపు మీద పడగానే ఎగిరి గంతేయాలనిపించింది. ఉట్నూరు, ఇచ్చోడ, నేరడిగొండ. ఆమె మోకాలికి కట్టు కట్టి, ఆగి ఆగి, నెమ్మదిగా నడిచాం. ఏ బస్సూ ఎక్కలేదు, ఏ బండీ ఎక్కలేదు. కుంటాల దగ్గర నీళ్లు పడే చప్పుడు అడవిలోనే వినిపించింది. కిందికి దిగి ఆమె చీర తడుపుకుంటూ నీళ్లలో కూర్చుంది. లేవమంటే లేవదు. అక్కడ మాత్రం నేను కోప్పడలేదు.

తిరుగు బస్సులో మేం ఇల్లు చేరకముందే ఆ కండక్టరు కథను కరీంనగర్ చేర్చాడు. మా అత్త వాకిట్లోనే నిలబడి ఉంది.

"మొగడు లేనిది ఒడిబియ్యం ముట్టి వండుతదా? రోడ్డుమీద కూలోళ్లకు పెడ్తదా? కోడలు పుట్టింటోళ్లకు నేను మొఖం ఎట్ల చూపియ్యాలె?"

నన్ను ఒక్క మాట అనలేదు. అన్నీ ఆమెనే. యారాలు పెరట్లోకి పోయి, మేం లేనన్నాళ్లూ పేరుకున్న గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. నేనే అరిచాను. మా ఆయన మధ్యలో వస్తే ఆయన మీద కూడా అరిచాను.

బడి తెరిచిన రోజు హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి పోయాను. నడిచాం అన్నాను. తెలుసు అన్నారు. ఎక్కలేదు అన్నాను. అదీ తెలుసు అన్నారు. అనుమతి కాగితం మాత్రం తీయలేదు.

"టీచర్, పిల్లలెంట పెద్దదిక్కుగా ఇంకెవరినన్న చూసుకోండి. మీ యారాలు సంగతి ఊర్ల మస్తు మాట్లాడుతున్నరు. గసొంటామెను ఎంట పంపిన్నంటే రేపు పిల్లకు జ్వరమొచ్చినా నన్నే అంటరు."

"ఆమె లేకుంటే నేను జన్నారం కూడ దాటకపోదును మేడం. ఆమె రాదంటే నాకు మీ సంతకమే వద్దు." అనేసి నాకే భయమేసింది. మూడేళ్ల పిచ్చి నా నోటితో నేనే మట్టిలో కలిపేశాననుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ కిటికీలోంచి గ్రౌండు వైపు చూసి, "రేపు ఆమెను తోలుకరాండ్రి" అన్నారు.

మర్నాడు యారాలు వచ్చింది. బడి గేటు లోపల అడుగుపెట్టడం ఆమెకు అదే మొదలు. హెడ్‌మిస్ట్రెస్ అటెండరును బయటికి పంపి తలుపు దగ్గరగా వేయించారు. ఆమె తిడతారనే అనుకుని నేను మాటలు సిద్ధం చేసుకుంటున్నాను.

"ఆ అన్నం," అన్నారు హెడ్‌మిస్ట్రెస్, బల్ల మీది పెన్ను చూస్తూ, "మీరు గూడ తిన్నరా?"

"తిన్న మేడమమ్మా."

"ఎట్లుండె?"

"అడుగు జర మాడింది. ఉప్పు తక్కువైంది. గాని అమ్మా, మా ఆయన పోయిన కాన్నుంచి కడుపు నిండ తిన్నది గా దినమే."

హెడ్‌మిస్ట్రెస్ తల వంచుకున్నారు. ఆమె బోసి నుదురు తప్ప మాకు ముఖం కనిపించలేదు. సొరుగు లాగి కాగితం తీసి సంతకం చేశారు. పెద్దదిక్కుగా వచ్చేవారు అని రాసి ఉన్నచోట, యారాలు పేరు అడిగి, తన చేత్తోనే రాశారు. కాగితం నా చేతికి ఇవ్వకుండా ఆమె చేతికి ఇచ్చారు.

"ఈసారి పిల్లలతోని పోయినప్పుడు ఎవరన్న పోస్తే వద్దనకుండ్రి," అన్నారు మెల్లగా. "వండినంక నాకు గూడ ఒక ముద్ద తీసి ఉంచుండ్రి."